పులిపిర్లు: కాల్చడం కాదు, అరగదీయడం

చర్మం మీది బొడిపెల గురించి ఇదివరకు ఒక చిన్న జవాబు ప్రచురించిన తరువాత, పులిపిర్లకు ఇంట్లో చేసుకోదగిన వైద్యం ఏమిటని అడుగుతూ చాలామంది పాఠకులు రాశారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, పొడవైన ఉత్తరాలను కుదించి, జవాబులను ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఎనిమిది నెలల కిందట కుడిచేతి చూపుడువేలి మీద ఒక పులిపిరి వచ్చింది. ఇప్పుడు అదే చేతి మీద ఏడు ఉన్నాయి. ఆసుపత్రికి తీసుకువెళితే కాలుస్తారని వాడికి భయం. వెల్లుల్లి నూరి రాత్రంతా కట్టి ఉంచితే రాలిపోతాయని ఇంట్లో పెద్దవారు చెబుతున్నారు. అలా చేయవచ్చునా?
— ఒక తల్లి

జవాబు: చేయవద్దమ్మా. ముందు ఈ మాట చెప్పి, తరువాత కారణాలలోకి వెళతాను. పచ్చి వెల్లుల్లిని నూరి చర్మానికి గట్టిగా కట్టి గంటల తరబడి ఉంచితే, అది పులిపిరినీ దాని చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తేడా చూడకుండా కాలుస్తుంది. అలా బొబ్బలెక్కి పుండ్లు పడినవారి గురించి వైద్య పత్రికలలో నివేదికలు వచ్చాయి. మీ అబ్బాయి ఆసుపత్రిలో జరుగుతుందని దేనికి భయపడుతున్నాడో అదే ఇంట్లో, చూసేవారెవరూ లేకుండా, రాత్రంతా జరుగుతుంది. వెల్లుల్లికి ఏ గుణమూ లేదని నేను అనడం లేదు. దాని నుంచి తీసిన, కొవ్వులో కరిగే సారాన్ని పులిపిర్ల మీద వాడి చూసిన చిన్న పరీక్షలలో కొంత ఫలితం కనిపించిన మాట నిజమే. కానీ ఆ సారం కొలిచి తయారు చేసినది. ఇంట్లో నూరిన రెబ్బల ఘాటుకు కొలత లేదు.

పులిపిరి అంటే ఏమిటో తెలిస్తే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది. ఇది వైరస్ వల్ల వస్తుంది. 1907లో ఇటలీకి చెందిన జూసెప్పే చుఫో అనే వైద్యుడు, పులిపిరిని నూరి వడకట్టి, కణాలేవీ మిగలని ఆ ద్రవంతోనే మళ్ళీ పులిపిర్లు పుట్టించవచ్చునని చూపాడు. హ్యూమన్ పాపిలోమా వైరస్ అని పిలిచే ఈ కుటుంబంలో 200కు పైగా రకాలను గుర్తించారు. వాటిలో చేతులకూ కాళ్ళకూ పులిపిర్లు తెచ్చేవి ముఖ్యంగా 1, 2, 4, 27, 57 అనే సంఖ్యలు గల రకాలు. చర్మం మీద కంటికి కనిపించనంత చిన్న గీత పడినా చాలు, వైరస్ అందులోనుంచి పైచర్మపు అడుగు వరుసలోని కణాలలోకి దిగుతుంది. ఆ కణాలు అవసరానికి మించి పెరిగి, పైకి వచ్చేసరికి గరుకుగా, దళసరిగా గట్టిపడతాయి. మనం చూసే బొడిపె ఆ గట్టిపడిన చర్మమే. పులిపిరికి వేర్లు ఉంటాయని, అవి ఎముక దాకా పోతాయని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. వైరస్ పైచర్మాన్ని దాటి లోపలికి పోదు, రక్తంలో కలవదు. అయితే ఇదే దానికి రక్షణ కూడా అయింది. రక్తంలోకి రాని శత్రువు ఉనికి శరీరపు రోగనిరోధక వ్యవస్థకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసిన తరువాత మాత్రం ఎన్నో నెలలు కదలని పులిపిర్లు కొద్ది వారాలలోనే, ఒక్కొక్కసారి అన్నీ కలిసి, మాయమవుతాయి.

అందుకే పిల్లలలో సగం మందికి ఏ వైద్యమూ లేకుండా ఒక ఏడాదిలో, దాదాపు మూడింట రెండు వంతుల మందికి రెండేళ్ళలో పులిపిర్లు వాటంతట అవే పోతాయి. ఈ ఒక్క విషయాన్ని గుర్తుపెట్టుకుంటే, లోకంలో పులిపిర్లకు ఇన్ని వందల చిట్కాలు ఎందుకున్నాయో, ప్రతి చిట్కాకూ ప్రమాణం చేసి చెప్పే మనుషులు ఎలా దొరుకుతారో తెలుస్తుంది. పోబోయే పులిపిరికి చివరి వారంలో ఏది రాస్తే దానికే పేరు వస్తుంది.

నొప్పి లేకపోతే, పిల్లవాడికి సిగ్గు, బాధ లేకపోతే, ఏమీ చేయకుండా వేచి చూడడం కూడా వైద్యమే. కానీ మీ అబ్బాయికి ఒకటి ఏడు అయింది కనుక ఏదో ఒకటి చేయాలని మీకు అనిపించడం సహజం. అప్పుడు ఎంచుకోవలసింది సాలిసిలిక్ ఆమ్లం. మందుల దుకాణంలో దొరికేదాన్ని ఇంటి వైద్యం అంటారా అని మీరు అడగవచ్చు. సాలిక్స్ అనేది విల్లో చెట్టుకు లాటిన్ పేరు. ఈ ఆమ్లానికి పేరు ఆ చెట్టు నుంచే వచ్చింది. మొదట్లో దాని మూలం చెట్టు బెరడే, తేడా అల్లా కొలతలో ఉంది. 17 శాతం బలం గల ద్రవాన్ని, పిల్లవాడి వయసూ చర్మమూ చెప్పి ఫార్మసిస్టును లేదా వైద్యుణ్ణి అడిగి తీసుకోండి.

రాత్రి పడుకునే ముందు చేతిని గోరువెచ్చని నీటిలో ఐదు నుంచి పది నిమిషాలు నానబెట్టండి. మెత్తబడి తెల్లగా మారిన పైచర్మాన్ని గోళ్ళు అరగదీసే గరుకు అట్టముక్కతో మృదువుగా, రక్తం రాకుండా అరగదీయండి. ఆ ముక్కను మరెవరి గోళ్ళకూ వాడకూడదు, పని పూర్తయ్యాక పారేయాలి. పులిపిరి చుట్టూ ఉన్న చర్మానికి పెట్రోలియం జెల్లీ పూసి, పులిపిరి మీద మాత్రమే ఒక చుక్క మందు వేసి, ఆరనిచ్చి, ప్లాస్టరు అంటించండి. మరునాడు మళ్ళీ ఇదే. ఇలా పన్నెండు వారాల దాకా చేయాలి. చాలామంది మూడో వారంలో విసిగి మానేసి, మందు పనిచేయలేదంటారు. పనిచేయనిది చాలావరకు మన ఓపికే. చర్మం ఎర్రబడి మంటపుట్టినా, రక్తం వచ్చినా, నాలుగైదు రోజులు ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టండి. ఏడింటినీ ఒకేసారి పట్టుకోనక్కరలేదు. పెద్దవి రెండు మూడింటితో మొదలుపెట్టవచ్చు. వాటితో పాటు మిగిలినవి కూడా తగ్గడం కొన్నిసార్లు చూస్తాము.

ఒక మాట: వాడికి గోళ్ళు కొరికే అలవాటు ఉంటే, ముందు దానిని మాన్పించే ప్రయత్నం చేయండి. వైరస్ వేలి నుంచి వేలికి, వేలి నుంచి పెదవికి చేరే దారి అదే.

ప్రశ్న: నాకు నలభై ఎనిమిదేళ్ళు. మెడ చుట్టూ, చంకలలో మెత్తగా వేలాడే పులిపిర్లు పాతిక దాకా ఉన్నాయి. కొన్నింటికి దారం కట్టి రాలగొట్టాను, కానీ కొత్తవి వస్తూనే ఉన్నాయి. పులిపిర్ల మందు ఏది రాసినా ప్రయోజనం లేదు. ఎందుకని?
— ఒక పాఠకుడు

జవాబు: మీకున్నవి పులిపిర్లు కావు కనుక. తెలుగులో చర్మం మీద లేచిన చిన్న బొడిపె దేనినైనా పులిపిరి అనే అంటాము. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. మెడ మీద, చంకలలో, గజ్జలలో సన్నని కాడతో మెత్తగా వేలాడేవి చర్మపు తిత్తులు (ఇంగ్లీషులో స్కిన్ ట్యాగ్‌లు). వీటికి ప్రధాన కారణం చర్మం చర్మంతో రాసుకోవడం; పులిపిరి వైరస్‌ను చంపాలని రాసే మందుకు ఇక్కడ పనే లేదు. బరువు పెరిగినవారిలో, గర్భిణులలో, ముఖ్యంగా ఇన్సులిన్ సరిగా పనిచేయని శరీరతత్వం ఉన్నవారిలో ఇవి ఎక్కువగా వస్తాయి. పాతిక దాకా ఉన్నాయని రాశారు కనుక, ఏ చిట్కా వెతికే ముందూ ఒకసారి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. మెడ మీద చర్మం నల్లబడి మందంగా, ముఖమల్‌లా తయారై ఉంటే ఈ పరీక్ష మరింత అవసరం.

దారం కట్టడం గురించి: సన్నని కాడ ఉన్న తిత్తికి రక్తం అందకుండా చేస్తే అది నల్లబడి రాలుతుందన్నది నిజమే, కానీ కాడ కొంచెం మందంగా ఉంటే సగం చచ్చి సగం బతికి చీము పట్టే అవకాశం ఉంటుంది. వైద్యుడు శుభ్రమైన కత్తెరతో ఒకే విడతలో పదింటిని తీసేయగలడు. కట్టిన దారంతో రోజుల తరబడి నొప్పి పడడం కంటే అది మేలు.

ఇదే పొరపాటు మరికొన్ని చోట్ల కూడా జరుగుతుంది. చామనఛాయ, నలుపు రంగు చర్మం ఉన్నవారికి బుగ్గల మీద, కళ్ళ పక్కన ఆవగింజల్లాగా నల్లని చిన్న బొడిపెలు వస్తాయి. వయసు మళ్ళినవారి వీపు మీద, ఛాతీ మీద మైనపు ముద్ద అంటించినట్టు గోధుమరంగు మచ్చలు లేస్తాయి. ఇవి రెండూ వైరస్ పులిపిర్లు కావు, అంటువ్యాధులూ కావు. పిల్లల ఒంటి మీద ముత్యాల్లా మెరుస్తూ, నడుమ చిన్న గుంట ఉండే గుండ్రని పొక్కులు మరొక వైరస్ వల్ల వస్తాయి; వాటిని మొలస్కం అంటారు, వాటి మీద పులిపిరి మందు రాయకూడదు. ఇక అసలు పులిపిరి గరుకుగా, కాలీఫ్లవర్ పువ్వు పైభాగంలా ఉంటుంది. దగ్గరగా చూస్తే లోపల నల్లని చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలను చాలామంది విత్తనాలనుకుని గిల్లి తీస్తారు. అవి గడ్డకట్టిన చిన్న రక్తనాళాలు మాత్రమే.

ప్రశ్న: అరికాలిలో గట్టిగా ఒకటి లేచింది. నడుస్తుంటే గులకరాయి మీద కాలు వేసినట్టుంది. ఇది ఆనెకాయా, పులిపిరా? నాకు పదేళ్ళుగా మధుమేహం ఉంది. వేడినీటిలో కాళ్ళు పెట్టి బ్లేడుతో చెక్కుకోమని ఒకరు సలహా ఇచ్చారు.
— ఒక పాఠకురాలు

జవాబు: బ్లేడు ముట్టుకోకండి, వేడినీటిలోనూ కాళ్ళు పెట్టకండి. మధుమేహం పాతబడినప్పుడు పాదాలలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. నీరు ఎంత వేడిగా ఉందో, బ్లేడు ఎంత లోతు దిగిందో కాలికి తెలియకపోవచ్చు. పుండు పడితే మానడం ఆలస్యమవుతుంది. పైన రాసిన సాలిసిలిక్ ఆమ్లం కూడా మీకు పనికిరాదు. మధుమేహం, కాళ్ళకు రక్తప్రసరణ తక్కువగా ఉండడం వంటివి ఉన్నవారు వైద్యుడు చెప్పకుండా దానిని పాదాలకు వాడకూడదు. ఆనెకాయలకని అమ్మే ప్లాస్టర్లలోనూ ఇదే ఆమ్లం 40 శాతం బలంతో ఉంటుంది కనుక వాటినీ దూరంగా ఉంచండి. మీ పాదాన్ని వైద్యుడు చూడవలసిందే.

ఇక తేడా విషయం, మిగిలిన పాఠకుల కోసం. ఆనెకాయ మీద నేరుగా నొక్కితే నొప్పి పుడుతుంది. పులిపిరిని రెండు పక్కల నుంచి వేళ్ళతో నొక్కితే నొప్పి ఎక్కువగా ఉంటుంది. అరికాలి మీద సహజంగా ఉండే సన్నని గీతలు ఆనెకాయ మీదుగా సాగిపోతాయి. పులిపిరి దగ్గర తెగిపోయి, దాని చుట్టూ తిరిగి వెళతాయి. పైపొరను కొంచెం అరగదీస్తే ఆనెకాయలో నడుమ గాజులాంటి గట్టి భాగం, పులిపిరిలో నల్లని చుక్కలు కనిపిస్తాయి. అరికాలి పులిపిరి మన బరువు కింద నలిగి లోపలికి కూరుకుపోతుంది, అందుకే అది చేతి మీది పులిపిరి కంటే మొండిది.

ప్రశ్న: యాపిల్ సైడర్ వెనిగర్, అరటితొక్క, బంగాళాదుంప ముక్క, ఆముదం, టీ ట్రీ నూనె, కలబంద: ఇవన్నీ పులిపిర్లను పోగొడతాయని చదివాను. వీటిలో నిజంగా పనిచేసేవి ఏవి? పూర్తిగా సహజమైన వాటితోనే తగ్గించుకోవాలని నా కోరిక.
— ఒక కళాశాల విద్యార్థిని

జవాబు: వీటిని నేను పనిచేసేవి, పనిచేయనివి అని కాకుండా, హాని చేయనివి, చేసేవి అని విడదీస్తాను. ఎందుకంటే వీటిలో దేనికీ పులిపిరిని తగ్గిస్తుందని గట్టిగా చెప్పేంత ఆధారం లేదు.

అరటితొక్క లోపలి వైపును పులిపిరికి ఆనించి రాత్రంతా ప్లాస్టరుతో కట్టడం, బంగాళాదుంప ముక్కతో రుద్దడం, ఆముదం రాయడం, కలబంద గుజ్జు పూయడం: ఇవి హాని చేయని జాబితాలోనివి. తొక్కలో మందు ఉందో లేదో కానీ, రాత్రంతా తడిగా మూసి ఉంచడం వల్ల పైచర్మం నాని మెత్తబడుతుంది, తెల్లవారి అరగదీయడం తేలికవుతుంది. ఆముదం చేసేదీ దాదాపు అంతే. నా అంచనాలో, ఇలాంటి చిట్కాలతో బాగుపడ్డామని చెప్పేవారిలో కొంతమందికి మేలు చేసింది తొక్క కాదు. రోజూ క్రమం తప్పకుండా నానబెట్టడం, కప్పడం, అరగదీయడం.

టీ ట్రీ నూనెతో పులిపిరి తగ్గిందని ఒకటి రెండు ఉదంతాలు ఉన్నాయి, అంతకు మించి లేదు. పైగా అది కొందరికి అలర్జీ తెస్తుంది, అందులోనూ సీసా తెరిచి చాలాకాలమైతే గాలి తగిలి మారిన నూనెతో ఆ ముప్పు పెరుగుతుంది. వాడాలనుకుంటే ముందు మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి రెండు రోజులు చూడండి. ఎట్టి పరిస్థితిలోనూ లోపలికి తీసుకోకూడదు.

వెనిగర్ విషయంలో జాగ్రత్త అవసరం. దాని లోపల ఉన్నది అసిటిక్ ఆమ్లం, సాధారణంగా 5 శాతం. చెబితే తక్కువగానే వినిపిస్తుంది. కానీ దానిలో తడిపిన దూదిని చర్మానికి కట్టి రాత్రంతా ఉంచితే, ఆమ్లం ఎక్కడికీ పోలేక అక్కడే చర్మాన్ని తింటూ ఉంటుంది. ఇలా వెనిగర్ కట్టుకుని చర్మం కాలినవారి ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి; వారిలో పిల్లలూ ఉన్నారు. పులిపిరి నల్లబడి ఊడిరావడాన్ని విజయంగా చెప్పుకుంటారు. నల్లబడినది కాలిన చర్మం. మచ్చ జీవితాంతం ఉండవచ్చు. అంచున మిగిలిన వైరస్ నుంచి పులిపిరి మళ్ళీ ఉంగరంలా లేవవచ్చు.

ఇంతకంటే ప్రమాదకరమైనవి మరికొన్ని ఉన్నాయి. సున్నం, చాకలి సోడా వంటి క్షారాలు ఆమ్లాల కంటే లోతుకు దిగి కాలుస్తాయి, పైగా మొదట్లో నొప్పి తక్కువగా ఉండవచ్చు కనుక ఆలస్యంగా తెలుస్తుంది. జీడిగింజ పెంకులోని నూనె బొబ్బలెక్కించడమే కాక, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు తెస్తుంది. జిల్లేడు, జెముడు వంటి పాలు కారే మొక్కల పాలు వేలికి అంటి, ఆ వేలు కంటికి తగిలితే చూపుకే ముప్పు. వీటిలో కొన్నింటికి పులిపిరి కణజాలాన్ని నాశనం చేసే శక్తి నిజంగానే ఉంది. పోడోఫిల్లం అనే మొక్క వేరు నుంచి తీసిన జిగురును వైద్యులు ఎంతోకాలం వాడారు, ఇప్పటికీ అందులోని సారాంశం మందుగా ఉంది. గర్భిణులకు అది నిషిద్ధం. మొక్క నుంచి వచ్చింది కనుక సాధువైనదని అనుకోవడానికి వీలు లేదు.

సహజమైన వాటితోనే చేసుకోవాలన్న మీ కోరికను నేను తేలికగా తీసుకోవడం లేదు. మీ చేతిలో ఉన్న అత్యంత సహజమైన పద్ధతి గోరువెచ్చని నీరు, గరుకు రాయి, ఓపిక. దానికి ఒక చుక్క సాలిసిలిక్ ఆమ్లం తోడైతే ఫలితానికి అవకాశం పెరుగుతుంది. 2012లో, వైద్య పరీక్షల ఫలితాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ పులిపిర్ల వైద్యంపై జరిగిన 85 పరీక్షలను కలిపి పరిశీలించినప్పుడు, మందులేని పూత కంటే మెరుగని నిలకడగా తేలిన పూతమందు అదే. అద్భుతమైన తేడా కాదు, మితమైన తేడాయే, కానీ ఉన్నది. ఆస్పిరిన్ మాత్రను నూరి రాస్తే సరిపోదా అని కొందరు అడిగారు. అది వేరే పదార్థం, దాని బలం ఎంతో కొలవలేము, అక్కరలేదు.

ప్రశ్న: పులిపిరి మీద బలమైన టేపు అంటించి ఉంచితే పోతుందంటారు. ఇది హాస్యమా, వైద్యమా?
— ఒక పాఠకుడు

జవాబు: రెండింటికీ మధ్య. 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరీక్షలో, డక్ట్ టేప్ అనే బలమైన గుడ్డ టేపును పులిపిరి మీద ఆరు రోజులు ఉంచి, తీసి, నానబెట్టి, గరుకు రాయితో రుద్ది, ఒక రాత్రి గాలి తగలనిచ్చి, మళ్ళీ అంటించారు. రెండు నెలలలో టేపు వాడినవారిలో 85 శాతం మందికి, అతిశీతల చికిత్స (పులిపిరిని గడ్డకట్టించడం) పొందినవారిలో 60 శాతం మందికి పులిపిర్లు పోయాయి. లోకమంతా టేపు కొనడం మొదలుపెట్టింది. తరువాత 2006లో నెదర్లాండ్స్‌లో 103 మంది పిల్లలపై ఆరు వారాలు చేసిన పరీక్షలో టేపుతో 16 శాతం, ఉత్తుత్తి చికిత్సతో 6 శాతం మందికి మాత్రమే పోయాయి. ఆ తేడా యాదృచ్ఛికమే కావచ్చు. 2007లో పెద్దవారిపై చేసిన పరీక్షలో తేడాయే కనిపించలేదు. అయితే ఈ చివరిదానిలో వాడినది పారదర్శకమైన టేపు, మొదటి పరీక్షలోని రబ్బరు జిగురు అందులో లేదని కొందరు వాదించారు.

నా అభిప్రాయం అడిగితే: పిల్లలు నొప్పి లేని వైద్యం కోరితే, చర్మానికి జిగురు పడకపోవడం వంటి ఇబ్బంది లేకపోతే, రెండు నెలలు ప్రయత్నించడంలో తప్పు లేదు. నమ్మకంతో కాక, నష్టం లేదన్న లెక్కతో.

ప్రశ్న: థూజా అనే హోమియో మాత్రలతో మా బంధువుకు పులిపిర్లు పూర్తిగా తగ్గాయి. మీరు ఎందుకు సూచించరు?
— ఒక పాఠకురాలు

జవాబు: 1992లో కెనడాలో అరికాలి పులిపిర్లు ఉన్న 174 మందిపై, థూజాతో సహా హోమియో మందుల కలయికను ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చూశారు; రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. మీ బంధువుకు తగ్గిన మాట నిజమే, తగ్గించినది ఎవరన్నదే ప్రశ్న. ఇదే సందర్భంలో జింకు మాత్రల గురించి కూడా ఇద్దరు అడిగారు. వాటి మీద పరీక్షలు రకరకాల ఫలితాలు ఇచ్చాయి. పరీక్షలలో వాడిన మోతాదు చాలా ఎక్కువ, వికారం, వాంతులు సామాన్యం, ఎక్కువకాలం వాడితే శరీరంలో రాగి తగ్గిపోతుంది. సొంతంగా మొదలుపెట్టవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో ఒకరికి కాళ్ళకు పులిపిర్లు ఉన్నాయి. మిగిలినవారికి, ముఖ్యంగా పిల్లలకు, అంటకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? తువ్వాళ్ళను మరిగించాలా?
— ఒక గృహిణి

జవాబు: అంత భయం అక్కరలేదు. చర్మం చెక్కుచెదరకుండా ఉంటే వైరస్‌కు ప్రవేశమే లేదు. కనుక నివారణ అంటే ముందుగా చర్మాన్ని కాపాడుకోవడం. నీటిలో ఎక్కువసేపు నాని మెత్తబడిన చర్మం, పగిలిన మడమలు, కొరికిన గోళ్ళ అంచులు, గజ్జి వంటి దురద వ్యాధితో చెదిరిన చర్మం: ఇవే తలుపులు. పగుళ్ళకు తేమనిచ్చే లేపనం రాయండి. స్నానం తరువాత కాలివేళ్ళ మధ్య తుడుచుకోమని పిల్లలకు చెప్పండి. చెమట పట్టిన మేజోళ్ళను రోజూ మార్చాలి.

పులిపిరి ఉన్నవారి తువ్వాలు, చెప్పులు, మేజోళ్ళు, కాళ్ళు రుద్దుకునే రాయి, రేజరు, గోళ్ళ కత్తెర విడిగా ఉండాలి. ఈ వస్తువులలో నేను ఎక్కువగా పట్టించుకునేది రాయినీ రేజరునూ, ఎందుకంటే అవి వైరస్‌ను మోయడమే కాక, అది దిగడానికి గీతను కూడా అవే గీస్తాయి. తువ్వాళ్ళను ఎప్పటిలా వేడినీటితో ఉతికి బాగా ఆరబెడితే సరిపోతుంది. స్నానాల గదిలో, ఈతకొలను గట్టు మీద, వ్యాయామశాలల్లో అందరూ వాడే స్నానపు గదుల్లో చెప్పులు లేకుండా తిరగవద్దు. తడి నేలా నానిన పాదమూ కలిసే చోటు అది. ఈతకు వెళ్ళేటప్పుడు పులిపిరిని నీరు చొరని ప్లాస్టరుతో కప్పితే చాలు, ఈత మానిపించనక్కరలేదు. బడి మానిపించే ప్రశ్నే లేదు.

ఈ వైరస్‌కు కొవ్వు తొడుగు ఉండదు కనుక, చేతులకు రాసుకునే ఆల్కహాలు ద్రవం దానిని అంత బాగా చంపలేదు. పులిపిరిని ముట్టుకున్నాక, మందు రాశాక, సబ్బుతో చేతులు కడుక్కోవడమే నమ్మదగిన పని. వైరస్ ఒంట్లోకి చేరిన తరువాత పులిపిరి పైకి కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. అందుచేత ఇప్పుడు ఎవరికైనా కొత్తగా వస్తే, ఎవరి తువ్వాలు వాడావని ఇంట్లో విచారణ పెట్టి ప్రయోజనం లేదు.

ప్రశ్న: గడ్డం గీసుకునే చోట చదునైన చిన్న పులిపిర్లు వరుసగా వస్తున్నాయి. ఇంట్లో ఏం రాసుకోవచ్చు?
— ఒక యువకుడు

జవాబు: ముఖానికి ఇంటి వైద్యం వద్దు. వెల్లుల్లి, వెనిగర్ మాత్రమే కాదు, సాలిసిలిక్ ఆమ్లపు పులిపిరి మందు కూడా ముఖానికి రాయకూడదు; రంగు మారిన మచ్చలు పడతాయి. రేజరు కదిలిన దారిలోనే వరుస ఏర్పడింది కనుక, కొంతకాలం గడ్డం గీయడం ఆపి, చర్మాన్ని తాకకుండా ట్రిమ్మరుతో కత్తిరించుకోండి. చర్మవైద్యుణ్ణి కలిస్తే ఆయన తగిన లేపనం ఇస్తారు.

ప్రశ్న: అడగడానికి సంకోచంగా ఉంది. జననాంగాల దగ్గర పులిపిర్లు వచ్చాయి. సహజ పద్ధతులు ఏమైనా ఉన్నాయా?
— పేరు రాయని పాఠకురాలు

జవాబు: సంకోచించవలసినది ఏమీ లేదు, ఇది చాలామందికి వచ్చేదే. కానీ ఆ భాగానికి ఇంట్లో ఏదీ రాయవద్దు. అక్కడి పొర పలుచన, సులభంగా కాలిపోతుంది. ఈ పులిపిర్లకు చాలావరకు కారణం 6, 11 రకాల వైరస్‌లు. ఇవి క్యాన్సర్ తెచ్చే రకాలు కావు. అయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన 16, 18 రకాలు ఇదే కుటుంబానికి చెందినవి, ఇదే దారిలో సోకుతాయి. ఆ సంబంధాన్ని కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రవేత్త హారాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. కనుక స్త్రీ వైద్య నిపుణురాలిని కలిసి, పులిపిర్లకు చికిత్సతో పాటు గర్భాశయ ముఖద్వార పరీక్ష గురించి కూడా అడగండి. మీ భాగస్వామికి కూడా ఈ విషయం చెప్పండి. 2006 నుంచి వాడుకలో ఉన్న టీకా 6, 11, 16, 18 రకాల నుంచి రక్షిస్తుంది, తరువాత వచ్చినది తొమ్మిది రకాల నుంచి కాపాడుతుంది. ఉన్న పులిపిర్లను తగ్గించడానికి కాదు, ఇంకా సోకని వాటిని ఆపడానికే అది పనికివస్తుంది. ఈ టీకా వేయిస్తే చేతుల మీది పులిపిర్లు రావు కదా అని ఒక తండ్రి అడిగారు. వాటిని తెచ్చే రకాలు వేరు. టీకాను అందుకోసం తయారు చేయలేదు.

ప్రశ్న: ఏ దశలో ఇంటి వైద్యం ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి? ఆయన ఏం చేస్తారు? పులిపిరి పూర్తిగా పోయిందని ఎలా తెలుసుకోవాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: పన్నెండు వారాలు క్రమంగా చేసినా మార్పు లేకపోతే వెళ్ళండి. రక్తం కారుతున్నా, రంగు మారినా, త్వరగా పెరుగుతున్నా, పుండు పడినా అంతవరకు కూడా ఆగవద్దు. యాభై దాటిన తరువాత కొత్తగా ఒక్కటే లేచిన గరుకు బొడిపెను, గోటి కింద ఏళ్ళ తరబడి మానని పులిపిరిని పులిపిరేనని మీరే తీర్మానించుకోకండి. కొన్ని చర్మ క్యాన్సర్లు ఇదే వేషంలో ఉంటాయి. అవయవ మార్పిడి జరిగినవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, హెచ్ఐవీ ఉన్నవారు మొదటి రోజే వైద్యుణ్ణి సంప్రదించాలి.

వైద్యులు ఎక్కువగా చేసేది ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. ఇంట్లో వాడుకోవడానికి అమ్మే శీతల స్ప్రేలు మైనస్ 57 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి కనుక రెండూ ఒకటి కావు. రెండు మూడు వారాలకొకసారి చొప్పున కొన్ని విడతలు పట్టవచ్చు. విద్యుత్తుతో కాల్చడం, లేజరు, పులిపిరిలోకి సూదిమందు ఎక్కించి రోగనిరోధక వ్యవస్థను మేల్కొల్పడం కూడా ఉన్నాయి. ఏ పద్ధతిలోనైనా పులిపిరి తిరిగి రావచ్చునని ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

పోయిందో లేదో చూడడానికి వెలుతురులో భూతద్దం పట్టుకోండి. నల్లని చుక్కలు కనిపించకూడదు. చుట్టుపక్కల చర్మపు గీతలు ఆ చోటు మీదుగా తెగకుండా సాగాలి. గీతలు ఇంకా పక్కకు తిరిగి పోతుంటే, పైకి నున్నగా ఉన్నా లోపల కొంత మిగిలి ఉంది; మరో రెండు వారాలు కొనసాగించండి. గీతలు కలిసిపోతే మందు ఆపి, ఆ చోటును నెలకొకసారి, ఓ మూడు నెలల పాటు చూసుకుంటూ ఉండండి.